చదరంగపు అరవై ఒకటో ఇల్లు: పావులూరి మల్లన గణిత పద్యంలోని మహాసంఖ్య - ఒక విమర్శ

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలలో పావులూరి మల్లనకు దొరికే చోటు సాధారణంగా ఒక పేరా. తొలి తెలుగు గణితగ్రంథకర్త, మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెనిగించినవాడు, పీఠికాపురం దగ్గరి నవఖండవాడతో సంబంధం ఉన్నవాడు అని చెప్పి, అతని కాలంపై ఉన్న వివాదాన్ని ప్రస్తావించి, చరిత్రకారుడు తరువాతి కవి దగ్గరికి వెళ్లిపోతాడు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని చేత నవఖండవాడను పొందిన మల్లన, గ్రంథకర్త అయిన మల్లన ఒక్కరేనా, లేక గ్రంథకర్త అతని మనుమడా అన్నది ఆ వివాదం. ఒక్కరే అయితే మల్లన నన్నయకు సమకాలికుడు. మనుమడైతే రచన రెండు తరాలు ఇవతలకు వస్తుంది. ఈ ప్రశ్న ముఖ్యమైనదే. కాని దానికి వెచ్చించిన శ్రద్ధలో పదో వంతు కూడా గ్రంథంలోని గణితానికి దక్కలేదు.

పావులూరి గణితంలోనిదిగా ప్రసిద్ధమైన ఒకే ఒక్క పద్యాన్ని ఈ వ్యాసం తీసుకుంటుంది. చదరంగపు అరవై నాలుగు ఇళ్లలో మొదటి ఇంటికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని భూతసంఖ్యలలో చెప్పే చంపకమాల అది. ఈ పత్రిక చదువరులలో చాలామందికి కంఠస్థమైనదే కనుక ఇక్కడ మళ్లీ ఎత్తి రాయడం లేదు. ఆ మొత్తం 18446744073709551615. ఇరవై అంకెలు. మహావీరుడు పేర్లు పెట్టిన ఇరవై నాలుగు స్థానాలలో ఇరవయ్యోదైన మహాశంఖం దాకా వెళ్లే సంఖ్య.

ఈ పద్యాన్ని గురించి మనకు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి సభల్లో వినిపించే ప్రశంస: యంత్రాలు లేని కాలంలో మనవాడు ఇంత సంఖ్యను తప్పు లేకుండా చెప్పాడని. నేటి కంప్యూటరు 64 బిట్లలో దాచగల అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదేనని కూడా చేరుస్తారు. ఆ మాట నిజమే. రెండోది తెలుగు శాఖలలో వినిపించే మౌనం: ఇది శాస్త్రగ్రంథం, ఇందులో రసం లేదు, కావ్యవిమర్శకు లొంగదు అని. ప్రశంసించేవారు సంఖ్య పరిమాణం దగ్గర ఆగిపోతున్నారు, మౌనం వహించేవారు ఛందస్సు దగ్గర కూడా ఆగడం లేదు. పద్యాన్ని చదవడం మాత్రం ఇద్దరూ మానుకున్నారు.

ఈ సంఖ్య విలువ దాని పెద్దతనంలో లేదని, దాని కారణాంకాలలో ఉందని ఇక్కడ నా వాదం. సంప్రదాయం ఏ పద్ధతిలో ఈ సంఖ్యను కట్టగలిగిందో ఆ పద్ధతిలోనే దాని కారణాంకాలు బయటపడి ఉన్నాయి. ఆ బల్ల మీదే మూడు ఇళ్లు వెనక్కి వస్తే, 1883లో గాని రుజువు కాని ఒక పెద్ద ప్రధాన సంఖ్య ఉంది. మల్లనకు ఇవి తెలుసునని నేను అనడం లేదు. తెలుసునని చెప్పే ఆధారం ఏదీ లేదు. అయినా ఈ విషయాలు తెలిసిన పాఠకుడు ఆ పద్యాన్ని మునుపటిలా చదవలేడు.

యతిస్థానంలో అంకె

భూతసంఖ్యలలో అంకెల నడక కుడి నుంచి ఎడమకు. పద్యంలో మొదట వచ్చే మాట ఒకట్ల స్థానం, చివర వచ్చేది మహాశంఖ స్థానం. చంపకమాలలో పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. సంఖ్య మొదటి రెండు పాదాలనూ పూర్తిగా ఆక్రమించి మూడో పాదంలో ఆరో అక్షరం దగ్గర ముగుస్తుంది. ఏమి లెక్కించామో చెప్పే వాక్యం ఆ తరువాతనే మొదలవుతుంది. అంటే శ్రోతకు ముందు జవాబు అందుతుంది, ఆ తరువాత ప్రశ్న. లెక్కల పుస్తకంలో ఈ క్రమం వింతగా కనిపించవచ్చు. కాని కంఠస్థం చేసేవాడికి కష్టమైన భాగం ముందు దాటిపోవడం మేలు.

ఈ ఇరవై అంకెలలో నాలుగు నాలుగుసార్లు వస్తుంది. ఒకటి, అయిదు, ఏడు మూడేసిసార్లు, సున్న, ఆరు రెండేసిసార్లు వస్తాయి. మూడు, ఎనిమిది, తొమ్మిది ఒక్కొక్కసారి. రెండు మాత్రం అసలు రాదు. రెట్టింపు మీదనే పుట్టిన సంఖ్యలో రెండు లేకపోవడం కాకతాళీయమే, అయినా చమత్కారమే. ఇరవై అంకెలకు కవి వాడినవి పందొమ్మిది వేర్వేరు మాటలు. 'శర' ఒక్కటే రెండుసార్లు వచ్చింది. నాలుగు నాలుగులకు రెండు సముద్రాలు, వేదాలు, బ్రహ్మ ముఖాలు. మూడు ఏడులకూ మూడు పర్వత పర్యాయాలు. మూడు ఒకట్లలో మూడు చంద్రులు. పర్యాయపదాల సంపద ఇక్కడ అలంకారం కోసం కాదు, లెక్క కోసం వచ్చింది. ఒకే మాట పదే పదే వస్తే చెప్పేవాడు ఎన్నోసారి చెప్పాడో మరచిపోతాడు. మాట మారితే స్థానం గుర్తుంటుంది.

యతిని చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టం. మొదటి పాదం శకారంతో మొదలవుతుంది. పదకొండో అక్షరం దగ్గర అయిదు అంకె రావాలి. అయిదుకు 'బాణ' అనవచ్చు, 'ఇషు' అనవచ్చు, కాని యతి కుదరదు. కవి 'సాయక' అన్నాడు. శకార సకారాలకు యతిమైత్రి ఉంది. రెండో పాదం ధకారంతో మొదలైంది. పదకొండో అక్షరం దగ్గర రావలసినది ఆరు. ఆరుకు అందరూ వాడే మాట 'రస'. అది ఇక్కడ చెల్లదు. కవి 'తర్క' అన్నాడు, తకార ధకారాలు ఒకే వర్గం కనుక యతి కుదిరింది. సంఖ్య కదలకుండా మాట కదలడమంటే ఇదే. గణితం తన అంకెల వరసను ఒక్క మెట్టు కూడా మార్చదు, ఛందస్సు తన యతిని వదలదు. రెండింటి మధ్య మిగిలిన స్వేచ్ఛ అంతా నిఘంటువుది. ఒక మాట పాదాంతంలో విరిగి తరువాతి పాదంలోకి సాగడం రెండుసార్లు జరిగింది, ఒకసారి పర్వతం, ఒకసారి ఏనుగు. వృత్తపద్యంలో అది మామూలే.

శాస్త్రకావ్యం విమర్శకు లొంగదనే మాటకు నా సమాధానం ఈ రెండు యతులు. పురాణ పద్యంలో యతి కోసం మాట మారిస్తే అర్థం కొంతైనా ఒరుగుతుంది. ఇక్కడ ఒక వెంట్రుకవాసి ఒరిగినా పద్యం అబద్ధమైపోతుంది. ఈ కవి ఒరగనివ్వలేదు.

పాఠనిర్ణయానికి గణితం

గణితపద్యానికి మరే పద్యానికీ లేని ఒక సౌకర్యం ఉంది. సరైన పాఠం ఏదో తాళపత్రాలతో పని లేకుండా లెక్కవేసి తేల్చవచ్చు. ఉదాహరణకు లేఖకుడెవరో 'అబ్ధి' అని ఉన్నచోట 'అద్రి' అని రాశాడనుకుందాం. ఛందస్సు చెడదు. సంస్కృతం తెలిసినవాడికి కూడా అనుమానం రాదు, సముద్రం పోయి కొండ వచ్చింది, అంతే. కాని నాలుగు ఏడయింది.

దీన్ని పట్టుకోవడానికి ఇరవై అంకెల లెక్క అంతా మళ్లీ చేయనక్కరలేదు. సంఖ్యలోని అంకెలన్నీ కూడితే 87. తొమ్మిదితో భాగిస్తే శేషం 6. రెండును ఆరుసార్లు గుణిస్తే 64, దానిని తొమ్మిదితో భాగిస్తే శేషం 1. కనుక రెండు అరవై నాలుగో ఘాతానికి శేషం, రెండు నాలుగో ఘాతానికి వచ్చే శేషమే, అంటే 7. అందులోంచి ఒకటి తీస్తే 6. సరిపోయింది. 'అద్రి' పాఠంలో మొత్తం 90 అవుతుంది, శేషం సున్న. అది తప్పు పాఠం. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం ఈ పరీక్షకు దొరకవు, అప్పుడు పదకొండుతో భాగించి చూడాలి. మరోవైపు 'శర' బదులు 'బాణ' అని ఎవరైనా చదివితే యతి చెడవచ్చు గాని సంఖ్య చెడదు. సాహిత్య పాఠపరిష్కరణలో అన్ని పాఠభేదాలకూ ఒకే తూకం ఉండదని మనం చెప్పుకుంటాం. ఇక్కడ ఆ తేడా అంకెల్లో కనిపిస్తుంది. పాఠ పరిష్కరణ బోధించే తరగతిలో మొదటి ఉదాహరణగా ఈ పద్యం కంటే తగినది నాకు తోచదు.

ఇదే పరీక్ష ఇంకో సంగతి చెబుతుంది. 87 మూడుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది కాబట్టి సంఖ్య కూడా మూడుతో భాగింపబడుతుంది. అంతకంటే సులువైన సూచన పద్యం మొదటి మాటలోనే ఉంది. 'శర' అనగానే ఒకట్ల స్థానంలో అయిదు పడింది. అయిదుతో ముగిసే పెద్ద సంఖ్య ఏదీ ప్రధాన సంఖ్య కాదు. పద్యం నోరు తెరవగానే ఈ మహాసంఖ్య సంయుక్త సంఖ్య అని తెలిసిపోతుంది.

ఆరు వర్గాలలో పట్టుబడ్డ సంఖ్య

మరి ఈ సంఖ్యను ఎలా లెక్కించి ఉంటారు? అరవై మూడుసార్లు రెట్టించి, అరవై నాలుగు పదాలు కూడటం ఒక మార్గం. అది అనవసరం. గుణశ్రేఢి మొత్తానికి మహావీరుడు చెప్పిన నియమం పింగళుని ఛందశ్శాస్త్రంలోని పద్ధతి మీద ఆధారపడింది. పదాల సంఖ్యను సగం చేస్తూ పోవాలి. సరి అయిన చోట వర్గం చేయాలి, బేసి అయిన చోట ఒకటి తీసి గుణకంతో గుణించాలి. ఒక ఛందంలో లఘుగురువుల భేదాలతో ఎన్ని వృత్తాలు సాధ్యమో కనుక్కోవడానికి పింగళుడు దీన్ని చెప్పాడు. ఇరవై ఒక్క అక్షరాల ప్రకృతి ఛందంలో అవి రెండు ఇరవై ఒకటో ఘాతం, 2097152. వాటిలో చంపకమాల ప్రస్తార క్రమంలో 711600వది. రెట్టింపుల మొత్తాన్ని చెప్పే పద్యం తానే ఒక రెట్టింపుల పట్టికలో ఒక గడి అన్నమాట. ఈ సామ్యాన్ని మల్లన ఉద్దేశించాడని కాదు. ఛందస్సూ లెక్కా ఒకే బడిలో చదువుకున్న కాలం అది.

64కు ఈ పద్ధతి ఎంతో సుఖం. 64, 32, 16, 8, 4, 2, 1 అని సగాలు చేస్తే ప్రతిచోటా సరి సంఖ్యే, చివర ఒకటి తప్ప. కనుక రెండుతో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, చివరికి 18446744073709551616. ఒకటి తీసేస్తే పద్యంలోని సంఖ్య. చివరి గుణకారం ఒక్కటే శ్రమ.

ఇక్కడ అసలు విషయం. ఒక సంఖ్య వర్గం నుంచి ఒకటి తీస్తే వచ్చేది, ఆ సంఖ్యకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండింటి లబ్ధం. బడిపిల్లలకు తెలిసిన సర్వసమీకరణమే. దాన్ని ఆ ఆరు మెట్ల మీదా వరసగా వాడితే, మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరింటి లబ్ధమని తేలుతుంది. ఇవేమిటో చూడండి. లెక్కించేవాడి పలక మీద వరసగా ఉన్న 2, 4, 16, 256, 65536, 4294967296లకు ఒక్కొక్కటి చేర్చినవి. సంఖ్యను కట్టడానికి వేసిన ప్రతి మెట్టూ దాన్ని విడగొట్టే మెట్టు కూడా అయింది. 3ను 5తో గుణిస్తే 15, దాన్ని 17తో గుణిస్తే 255, దాన్ని 257తో గుణిస్తే 65535. అలా పోతే మహాశంఖం.

ఈ ఆరు సంఖ్యలకు ఐరోపాలో ఫెర్మా పేరు వచ్చింది. 17వ శతాబ్దిలో ఫెర్మా ఈ వరసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధానాలు. ఆరోదైన 4294967297ను 1732లో ఆయిలర్ 641తో భాగించి చూపాడు, రెండో కారణాంకం 6700417. అందువల్ల మల్లన పద్యంలోని సంఖ్యకు పూర్తి విభజన 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఏ ఒక్కటీ రెండుసార్లు రాదు. ఆయిలర్‌కు అడ్డం వచ్చిన సంఖ్య చదరంగపు బల్ల మీద ఎప్పటినుంచో ఉంది. ఎవరూ అటు చూడలేదు, అంతే.

వెనక్కి మూడు ఇళ్లు

పద్యం అరవై నాలుగో ఇంటి దగ్గర ఆగింది, బల్ల అక్కడ ముగిసింది కాబట్టి. ప్రతి ఇంటి దగ్గరా ఆగి అప్పటివరకు వచ్చిన మొత్తాన్ని చూస్తే? రెండో ఇంటికి 3, మూడో ఇంటికి 7, అయిదో ఇంటికి 31, ఏడో ఇంటికి 127. అన్నీ ప్రధాన సంఖ్యలు. నాలుగో ఇంటి దగ్గర 15, ఆరో ఇంటి దగ్గర 63. ఇవి కావు. ఇంటి సంఖ్యే సంయుక్తమైతే మొత్తం కూడా తప్పక సంయుక్తమే అవుతుంది. ఇంటి సంఖ్య ప్రధానమైనంత మాత్రాన మొత్తం ప్రధానం కానక్కరలేదు. పదకొండో ఇంటి దగ్గర వచ్చే 2047 అంటే 23ను 89తో గుణించిన ఫలం.

1644లో ఫ్రెంచి మతాచార్యుడు మెర్సెన్ ఈ మొత్తాలలో ఏవి ప్రధానమో ఒక జాబితా ప్రకటించాడు. చదరంగపు హద్దులోపల అతని జాబితా ప్రకారం అటువంటి ఇళ్లు 2, 3, 5, 7, 13, 17, 19, 31. ముప్పై ఒకటో ఇంటి మొత్తం 2147483647 ప్రధానమని 1772లో ఆయిలర్ తేల్చాడు. మెర్సెన్ 67ను కూడా చేర్చాడు, బల్ల దాటిన ఇల్లు అది. ఆ రెండూ తప్పిన చోట్లే. 67 ప్రధానం ఇవ్వదని తేలింది, 1903లో కోల్ దాని కారణాంకాలను చూపాడు. అతను వదిలేసిన 61 ప్రధానం ఇస్తుందని 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ గ్రామ పురోహితుడు నిరూపించాడు. ఆ సంఖ్య 2305843009213693951. పందొమ్మిది అంకెలు, మహావీరుని లెక్కలో శంఖ స్థానం. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యలలో దీనికంటే పెద్దది ఒక్కటే, 1876లో ల్యూకా చూపిన 127వ ఘాతానిది.

ఈ సంఖ్య ధర్మాలు రెండు చెబితే చాలు. తొమ్మిదో పరిపూర్ణ సంఖ్య దీని నుంచే పుడుతుంది. దీన్ని రెండు అరవయ్యో ఘాతంతో గుణిస్తే వచ్చే ఫలం, తనను మినహాయించిన తన భాజకాల మొత్తానికి సమానం. రెండోది, దీని ప్రధానత్వాన్ని పరీక్షించడానికి ల్యూకా మొదలుపెట్టి 1930లో లెహ్మర్ సరళం చేసిన పద్ధతి ఉంది. 4తో మొదలుపెట్టి వర్గం చేసి రెండు తీయడం, ఈ సంఖ్యతో భాగించి శేషం తీసుకోవడం, ఇలా యాభై తొమ్మిదిసార్లు. చివర శేషం సున్న అయితే ప్రధానం. మళ్లీ వర్గాలే. పింగళుని మెట్లు సంఖ్యను కడతాయి, ఈ మెట్లు దాన్ని పరీక్షిస్తాయి. రెండింటి పనీ అదే గుణకారం. 2024 అక్టోబరులో ప్రకటించిన, ఇప్పటివరకు తెలిసిన ప్రధాన సంఖ్యలలో అతి పెద్దది రెండు 136279841వ ఘాతానికి ఒకటి తక్కువ. అందులో 41024320 అంకెలు. అది కూడా ఇదే కుటుంబానిది.

పద్యంలోని సంఖ్యకూ దీనికీ లెక్క చిన్నదే. అరవై ఒకటో ఇంటి మొత్తాన్ని ఎనిమిదితో గుణించి ఏడు కలిపితే అరవై నాలుగో ఇంటి మొత్తం. అరవై నాలుగిళ్లలో సంఖ్యే ప్రధానమైన ఇళ్లు పద్దెనిమిది. వాటిలో సరిగ్గా సగం, తొమ్మిది ఇళ్లు, ప్రధాన మొత్తాలను ఇస్తాయి. మిగతా తొమ్మిది ఇవ్వవు. ఈ సగం లెక్క బల్ల మీదికి మాత్రమే, పైకి పోతే ప్రధానాలు చాలా అరుదవుతాయి.

ఏది మల్లనది

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక అవసరం. ఈ సంఖ్య తెలుగువారి సొంతం కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బీరూనీ చదరంగపు మొత్తాన్ని లెక్కించి ఇదే ఫలం చెప్పాడు. రాజు గింజలు ఇవ్వలేక ఓడిపోయిన కథ అరబ్బీ గ్రంథాలలో ప్రసిద్ధం. మన పద్యంలో గింజలూ లేవు, రాజూ లేడు. ఉన్నది బల్ల, రెట్టింపు, మొత్తం. పైగా ఈ ఫలం లోకప్రసిద్ధమన్న ధోరణిలోనే పద్యం ముగుస్తుంది. కనుగొన్నవాడు అలా ముగించడు. అందరికీ తెలిసిన ఫలాన్ని అందరి నాలుక మీదికి ఎక్కించేవాడు అలా ముగిస్తాడు. కవి తన పని ఏదో దాచుకోలేదు, మనమే దానికి ఆవిష్కరణ అనే పేరు తగిలిస్తున్నాం. గింజ బరువు 25 మిల్లీగ్రాములనుకుంటే ఈ మొత్తం సుమారు 46,000 కోట్ల టన్నుల ధాన్యం అవుతుందనీ, గోదావరి డెల్టా ఎన్ని వేల ఏళ్లు పండినా సరిపోదనీ సభలో చెబితే చప్పట్లు పడతాయి. ఆ చప్పట్లు గుణకారానికి, పద్యానికి కాదు.

లోపం కూడా చెప్పాలి. ఈ పద్యం ఫలాన్ని దాస్తుంది, పద్ధతిని దాచదు, నేర్పదు కూడా. దీన్ని మాత్రమే కంఠస్థం చేసిన విద్యార్థి ముప్పై రెండో ఇంటి మొత్తం అడిగితే చెప్పలేడు. గుర్తుపెట్టుకోవడానికి గొప్ప సాధనం, బోధనకు చాలా పేద సాధనం. తెలుగు శాఖలలో దీన్ని ఎక్కువగా మొదటి దానిగానే వాడుతున్నాం, భూతసంఖ్యలు విప్పి చూపి, సంఖ్య రాసి, తరువాతి విషయానికి వెళ్తున్నాం. ఎదురుగా బల్ల మీద ఆరు వర్గాలు రాసి, ఒక్కొక్కదానికి ఒకటి చేర్చి గుణించి చూపడానికి పది నిమిషాలు పట్టదు. అది గణితశాఖ పని అని తప్పుకోవడం న్యాయం కాదు. అప్పుడు ఛందస్సు గణితశాఖ పని కాదని వారు కూడా అనవచ్చు, పద్యం ఇద్దరి మధ్యా పడిపోతుంది. ఇప్పటివరకు జరిగింది అదే.

ప్రధాన సంఖ్య అనే భావన సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. యూక్లిడ్ గ్రంథంలో ప్రధానాలకు నిర్వచనం, అవి అనంతమనే సిద్ధాంతం ఉన్నాయి. గణితసారసంగ్రహంలో ప్రధానాలను విడిగా తీసుకున్న అధ్యాయం లేదు. భిన్నాల హారాలను ఒకటి చేయడానికి మహావీరుడు కనిష్ఠ సామాన్య గుణిజాన్ని నిరుద్ధమనే పేరుతో వాడాడు. కారణాంకాల కోసం వెదికే పద్ధతులను ఒక ప్రత్యేక విషయంగా నారాయణ పండితుడు గణితకౌముదిలో, 1356లో, చెప్పాడు. మల్లనకు అది రెండు మూడు శతాబ్దాల తరువాతి మాట. కాబట్టి మన పద్యంలో ప్రధాన సంఖ్యల జ్ఞానం వెదకడం కవికి గౌరవం చేయడం కాదు, అతని మాట వినకపోవడం.

అయితే మల్లన ముందున్న మూలంలో కారణాంకాల ఆట ఒకటి నిజంగా ఉంది, దాని మీద మన పరిశోధన దృష్టి పడవలసి ఉంది. గుణకార ప్రకరణంలో మహావీరుడు కంఠాభరణాల వంటి సంఖ్యలు ఇచ్చాడు. 139ని 109తో గుణిస్తే 15151, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 27994681ని 441తో గుణిస్తే 12345654321. వీటిని వినోదమని మనం పక్కన పెట్టాం. కాని ఇటువంటి సంఖ్య ముందు నుంచి పుట్టదు. హారాన్ని ముందు ఊహించి, దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యను వెదికి పట్టుకోవాలి. ఎనిమిది ఒకట్లను భాగించే 73 ప్రధానం. 15151ను భాగించే 139, 109 రెండూ ప్రధానాలే, ఆ హారం మరో విధంగా విడదు. పేరు పెట్టకుండా, నిర్వచనం ఇవ్వకుండా, చేత్తో పట్టుకున్న విద్య ఇది. తెలుగు గ్రంథంలో ఈ ప్రకరణం ఎలా వచ్చిందో, మల్లన ఏ హారాలను ఉంచాడో, ఏవి తన సొంతంగా చేర్చాడో పద్యం పద్యంగా విడగొట్టి చూస్తే, అనువాదకుడు లెక్క తెలిసి తెనిగించాడా, మాట తెలిసి తెనిగించాడా అన్న ప్రశ్నకు సమాధానం అక్కడ దొరుకుతుంది. చదరంగ పద్యం దగ్గర అది దొరకదు.

అరవై ఒకటో ఇంటి ప్రధాన సంఖ్యను భూతసంఖ్యల వరసలో పెడితే ఇలా వస్తుంది: చంద్ర, బాణ, రంధ్ర, అగ్ని, గ్రహ, రస, రామ, భూ, నేత్ర, నిధి, ఖ, గగన, లోక, వేద, గజ, శర, అంబర, వహ్ని, కర. పందొమ్మిది మాటలు. మొదటి మాట చంద్రుడు కనుక ఒకట్ల స్థానంలో ఒకటి పడింది, అయిదుతో భాగింపబడుతుందన్న అనుమానం లేదు. ఇందులో మల్లన పద్యంలో లేని రెండు అంకె రెండుసార్లు ఉంది. దీన్ని ఏ వృత్తంలో ఇమడ్చాలన్నా నేత్ర, కర అనే మాటలకు యతి కుదరాలి. లేకపోతే యమ, పక్ష, అశ్వి వంటి పర్యాయాలు చేతిలో ఉన్నాయి.